పక్కన కూర్చోకపోయినా చదువుకోవాలంటే: మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ఇంట్లోనే ఆలోచన అలవాటు చేసే పద్ధతి

చెన్నైలో తెలుగు తల్లులు నలుగురు కలిస్తే ఎక్కువగా వినిపించే మాట ఇది: "పక్కన కూర్చుంటే చకచకా చేసేస్తుందండీ, లేచి వంటింట్లోకి వెళ్తే పెన్సిలు కదలదు." ఆ పిల్లకు తెలివి తక్కువై కాదు. హోంవర్కు ఎలా జరుగుతుందో ఒకసారి చూడండి. డైరీ తీసి ఏం చేయాలో చదివేది అమ్మ. ఏ పేజీ తియ్యాలో చెప్పేది అమ్మ. తప్పు కనిపెట్టేది, రబ్బరుతో చెరిపేది, "ఇక్కణ్ణుంచి మళ్లీ రాయి" అనేది కూడా అమ్మే. పిల్ల చేతికి మిగిలింది రాయడం ఒక్కటే.

ఏ పనిలోనైనా ఆలోచన మూడు చోట్ల ఉంటుంది. ఎలా మొదలుపెట్టాలో అనుకోవడం, మధ్యలో సరిగ్గా సాగుతోందా అని చూసుకోవడం, అయ్యాక సరిచూసి దిద్దుకోవడం. ఈ మూడూ ప్రస్తుతం పెద్దవాళ్ల చేతిలో ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా పిల్లల చేతికి ఎలా అప్పగించాలన్నదే ఈ వ్యాసం. వర్క్‌బుక్కులు, యాప్‌లు, తెలివి పెంచే కిట్లు కొనాల్సిన పనేమీ లేదు.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా లెక్కగట్టింది. అంటే ఎల్‌కేజీ, యూకేజీలతో పాటు ఒకటి, రెండు తరగతులు కూడా అందులోకే వస్తాయి. ఆ వయసులో ఆట, మాట, చేతిపని ద్వారానే చదువు రావాలని అందులో ఉంది. మీ పిల్లల బడి ఏ బోర్డుదైనా సరే, ఇంట్లో మీరు చేయగలిగేది కూడా అదే.

మొదటి మెట్టు: వారం రోజులు ఏమీ మార్చకుండా చూడండి

ఒక్క పని ఎంచుకోండి. స్నానం చేసి బట్టలేసుకోవడం కావచ్చు, బ్యాగు సర్దుకోవడం కావచ్చు, హోంవర్కు కావచ్చు. రోజూ రాత్రి ఒక కాగితం మీద మూడే సంగతులు రాసుకోండి: ఈరోజు ఆ పని ఎవరు మొదలుపెట్టారు, తడబాటు ఎవరు గమనించారు, ఎవరు సరిచేశారు. మీ అలవాటు మార్చుకోవాలని అప్పుడే తొందరపడొద్దు. వారం తర్వాత ఆ కాగితం చూస్తే ఎక్కడ మీరు ముందుకు దూకుతున్నారో తెలిసిపోతుంది. చాలా ఇళ్లలో అది తడబాటు దగ్గర. పిల్లాడి వేలు చొక్కా గుండీ మీద రెండోసారి జారేలోపే మన చెయ్యి వెళ్లిపోతుంది.

రెండో మెట్టు: అడిగాక ఆగండి

నా అభిప్రాయంలో మొత్తంమీద అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మిగతావేవీ కుదరకపోయినా ఇదొక్కటి చేయండి.

అమెరికాలో సైన్సు బోధన మీద పరిశోధన చేసిన మేరీ బడ్ రో 1970లలో తరగతి గదుల్లో సంభాషణలను రికార్డు చేసి విన్నారు. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ వెంటనే ఇంకొకరిని అడగడమో, తామే జవాబు చెప్పేయడమో జరుగుతోంది. మూడు సెకన్లో, ఇంకాస్త ఎక్కువో ఆగడం అలవాటు చేసుకున్న తరగతుల్లో పిల్లల జవాబులు పొడవయ్యాయి, "తెలీదు" అనడం తగ్గింది, ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు కూడా మాట్లాడారు. పిల్లాడు జవాబు చెప్పాక కూడా టీచరు వెంటనే "గుడ్" అనకుండా ఆగితే, ఆ జవాబుకు పిల్లాడే ఇంకో మాట కలుపుతున్నాడని ఆమె గమనించారు.

ఇంట్లో నాలుగేళ్ల పిల్లకైతే మూడు సెకన్లు చాలవు. మనసులో మెల్లగా పది వరకు లెక్కపెట్టండి. ఆ పది లెక్కపెట్టేటప్పుడు కనుబొమలు ఎగరేయడం, "ఊఁ, చెప్పు చెప్పు" అని తొందరపెట్టడం వద్దు. పిల్ల పైకప్పు వైపు చూస్తుంది, వేలు నోట్లో పెట్టుకుంటుంది, కాళ్లూపుతుంది. ఆ సమయంలోనే ఆలోచన నడుస్తుంది.

ఇంట్లో తాతయ్యో నానమ్మో ఉంటే వాళ్లు ప్రేమకొద్దీ జవాబు అందించేస్తారు. వాళ్లను పిల్ల ముందు ఆపొద్దు. తర్వాత విడిగా, "మామయ్యగారూ, దాన్ని కాస్త తడుముకోనివ్వండి, మీరు కథ చెప్పి మధ్యలో ఆపి ఏమైందో దాన్నే చెప్పమనండి" అని ఒక పని అప్పగించి చూడండి. పెద్దవాళ్లకు ఊరికే కూర్చోమంటే కష్టం గానీ, కథ చెప్పమంటే అది వాళ్లకు ఇష్టమైన పనే.

మూడో మెట్టు: ప్రశ్నలు మార్చండి

"ఇదేం రంగు? ఇవెన్ని? దీన్నేమంటారు?" ఇవి మనకు జవాబు తెలిసిన ప్రశ్నలు. ఆ సంగతి పిల్లలకూ తెలుసు. వాటికి బదులు పిల్లల బుర్రలో ఏముందో నిజంగా తెలుసుకోవాలని అడగండి. "ఎలా తెలిసింది?" "ముందు ఏం చేద్దామనుకుంటున్నావ్?" "ఇంకోలా చెయ్యొచ్చా?" "ఎక్కడ ఆగిపోయింది?" ఈ నాలుగూ చాలు. తప్పు చేసినప్పుడే కాదు, సరిగ్గా చేసినప్పుడు కూడా "ఎలా తెలిసింది?" అడగాలి. లేకపోతే ఆ ప్రశ్న వినగానే పిల్లలు రాసింది చెరిపేస్తారు.

బీసెంట్ నగర్ బీచ్‌కు వెళ్లొచ్చిన రోజు పిల్లలు ఏరుకొచ్చిన గవ్వలు, ఆల్చిప్పలు నేలమీద పోయించండి. "ఒకలాంటివన్నీ ఒకచోట పెట్టు" అనండి, ఎలాగో చెప్పొద్దు. ఒకరు రంగుల్ని బట్టి పెడతారు, ఒకరు సైజును బట్టి. పెరంబూరులో శనివారాలు మా ఇంటికి వచ్చే తెలుగు పిల్లల్లో ఒక పాప "లోపల ఇసక ఉన్నవి, లేనివి" అని రెండు కుప్పలు చేసింది. ప్రతి గవ్వనూ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, దులిపి మరీ పెట్టింది. కుప్పలు అయ్యాక "ఇప్పుడు వేరేలా పెట్టగలవా?" అనండి. ఇది కష్టమైన పని. కెనడా మనస్తత్వవేత్త ఫిలిప్ జెలాజో చేసిన కార్డుల ప్రయోగాలు ఈ సంగతి చక్కగా చూపించాయి. మొదట రంగును బట్టి పెట్టించి, ఆ తర్వాత ఆకారాన్ని బట్టి పెట్టమంటే మూడేళ్ల పిల్లల్లో ఎక్కువమంది కొత్త నియమం నోటితో చెప్పగలిగినా చేత్తో పాత పద్ధతిలోనే పెడతారు. ఐదేళ్లు వచ్చేసరికి చాలామంది మారగలుగుతారు. కాబట్టి మూడేళ్ల పాప మారలేకపోతే మొండితనమనుకోవద్దు, కుప్పలు కలిపేసి ఇంకోరోజు అడగండి.

నాలుగో మెట్టు: మొదలుపెట్టడం అప్పగించండి

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఇప్సిలాంటి అనే ఊళ్లో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ నుంచి ఒక పద్ధతి పుట్టింది. ఇప్పుడు దాన్ని హైస్కోప్ పేరుతో చాలా దేశాల్లో వాడుతున్నారు. పిల్లలు ఆటకు ముందు ఏం చేయబోతున్నారో చెప్తారు, చేస్తారు, తర్వాత ఏం జరిగిందో చెప్తారు. రోజూ ఇదే వరస. ఇంట్లో చేయడానికి ఇంతకంటే తేలికైనది లేదు. బడి నుంచి వచ్చి పాలు తాగేటప్పుడు "ఇవాళ ముందు ఏం చేస్తావ్, తర్వాత ఏం చేస్తావ్?" అనడం, రాత్రి అన్నం తినేటప్పుడు "అనుకున్నట్టే అయిందా?" అనడం. అంతే. అనుకున్నట్టు కాకపోయినా తిట్టొద్దు. "మరి ఏమైంది?" అని వినండి.

బ్యాగు సర్దడం దీనికి మంచి చోటు. రాయడం రాని పిల్లలతో బొమ్మల జాబితా వేయించండి: టిఫిన్ బాక్సు, నీళ్ల సీసా, డైరీ, ఐడీ కార్డు, సాక్సులు. బొమ్మలు వాళ్లే వేయాలి. మీకు సాక్సు చేపలా కనిపించినా పరవాలేదు, వాళ్లకు తెలిస్తే చాలు. ఆ కాగితాన్ని చెప్పుల స్టాండు దగ్గర, పిల్ల కంటి ఎత్తులో అతికించండి. రాత్రి ఒక్కొక్కటీ బ్యాగులో పెట్టి బొమ్మ మీద వేలు ఆనించి చూసుకోవాలి. మీరు "నీళ్ల సీసా ఏది?" అనకండి. "నీ కాగితం చూసుకున్నావా?" అనండి. తేడా చిన్నదే గానీ, మొదటి మాటలో గుర్తుపెట్టుకున్నది మీరు, రెండోదాంట్లో పిల్ల.

క్రేయాన్లు మర్చిపోతే మర్చిపోనివ్వండి. ఆటో ఎక్కి బడికి తీసుకెళ్లి ఇవ్వొద్దు. అయితే చెన్నై ఎండలో నీళ్ల సీసా విషయంలో ఈ పట్టుదల పనికిరాదు, తిండి విషయంలోనూ అంతే. ఆ రెండూ మీరు చూసుకోండి.

ఇవన్నీ పొద్దున పూట మొదలుపెట్టకండి. వ్యాన్ హారన్ కొడుతుంటే ఎవరూ ఓపికగా ఆగలేరు. సాయంత్రాలు, సెలవు రోజులు చూసుకోండి.

ఐదో మెట్టు: తమలో తాము మాట్లాడుకోనివ్వండి, తెలుగులోనే

నాలుగైదేళ్ల పిల్లలు ఆడుకుంటూ పైకి మాట్లాడుకుంటారు. "ఇది ఇక్కడ పెట్టాలి... అయ్యో పడిపోయింది... పెద్దది కింద." రష్యన్ మనస్తత్వవేత్త లెవ్ వైగోత్స్కీ (1896–1934) ఈ మాటలను చాలా శ్రద్ధగా చూశారు. పిల్లలు తమను తాము నడిపించుకోవడానికి వాడుకునే మాటలివి, పెద్దయ్యేకొద్దీ ఇవే లోపలికి వెళ్లి మౌనమైన ఆలోచన అవుతాయని ఆయన చెప్పారు. పని కష్టమైనప్పుడు ఈ మాటలు పెరుగుతాయి కూడా. కాబట్టి "గొణక్కు, గబగబా చెయ్యి" అనొద్దు.

మన తెలుగు పిల్లలకు ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, వీధిలో, వ్యానులో తమిళం, క్లాసులో ఇంగ్లీషు. మూడు భాషలు నేర్చుకోవడం పిల్లలకు భారం కాదు. కానీ "ఇంట్లో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడండి" అన్న సలహా విని, మనకే తడబాటుగా వచ్చే ఇంగ్లీషులో "వై? హౌ?" అని అడిగితే సంభాషణ రెండు ముక్కల్లో ఆగిపోతుంది. పెద్దవాళ్లు ఏ భాషలో వివరంగా, విసుగు లేకుండా, కారణాలు చెప్తూ మాట్లాడగలరో ఆ భాషలోనే పిల్లల ఆలోచన సాగాలి. "ఎందుకంటే", "ఒకవేళ", "లేకపోతే", "అందుకని" లాంటి మాటలు రోజూ వినబడాలి. పిల్ల తమిళంలో జవాబు చెప్తే చెప్పనివ్వండి. జాతీయ విద్యా విధానం కూడా వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలోనే బోధన ఉండాలంటోంది.

మీరు కూడా పైకి మాట్లాడుతూ పని చేయండి. "పప్పు పెట్టాను, ఉడికేలోపు కూర తరుగుతాను. అరె, చింతపండు నానబెట్టలేదు, ముందు అది." మీ ఆలోచన ఎలా మలుపు తిరుగుతుందో వింటే పిల్లలకు ఆ దారి దొరుకుతుంది.

ఆరో మెట్టు: సరిచూసుకోవడం అప్పగించండి

మరియా మాంటిస్సోరి 1939లో చెన్నైకే, అడయార్‌లోని థియొసాఫికల్ సొసైటీకి వచ్చి ఇక్కడి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల చాలా ఏళ్లు మన దేశంలోనే ఉండిపోయారు. ఆమె తయారుచేసిన వస్తువుల్లో ఒక చెక్క దిమ్మె ఉంటుంది, దానికి వరసగా గుంటలు, వాటిలో పట్టే కొయ్య స్తంభాలు. ఒక స్తంభం తప్పు గుంటలో పెడితే చివరికి ఒకటి పట్టకుండా మిగిలిపోతుంది. తప్పని ఎవరూ చెప్పనక్కర్లేదు, వస్తువే చెప్తుంది. పిల్ల టీచరు ముఖం వైపు చూడడం మానేసి చెక్క వైపు చూస్తుంది.

అలాంటి వస్తువులు మన వంటింట్లోనే ఉన్నాయి. స్టీలు డబ్బాలు, వాటి మూతలు అన్నీ కలిపేసి ఇవ్వండి. మూడేళ్ల పిల్లకు అరగంట పని. ధనుర్మాసంలో చెన్నై వీధులన్నీ ముగ్గులతో నిండిపోతాయి కదా, ఐదారేళ్ల పిల్లలకు మూడు చుక్కలు, మూడు వరసల చిన్న మెలికల ముగ్గు నేర్పండి. చుక్క ఒక్కటీ మిగలకూడదు, గీత ఎక్కడా తెగకూడదు. ఎక్కడ తప్పారో ముగ్గే చూపిస్తుంది.

హోంవర్కులో కూడా ఈ పని చేయొచ్చు. ఒక వరస 'అ'లు రాశాక మీరు దిద్దకండి. "వీటిలో నీకు బాగా నచ్చినదాని చుట్టూ సున్నా చుట్టు" అనండి. తర్వాత "దీనికీ పక్కదానికీ ఏంటి తేడా?" ఐదు లెక్కలు చేశాక "ఏ లెక్క మీద నీకు నమ్మకం తక్కువ? దాని పక్కన చుక్క పెట్టు" అనండి. చుక్క పెట్టిన లెక్కే మళ్లీ చూసుకోవాలి. ఆరేడేళ్ల పిల్లలు మొదట్లో దేనికీ చుక్క పెట్టరు, లేదా అన్నిటికీ పెట్టేస్తారు. రెండు మూడు వారాలకు చుక్కలు సరైన చోట పడడం మొదలవుతుంది. నాకు తెలిసి ఈ చుక్కంత ఉపయోగపడే పని ఇంకోటి లేదు. ఏది వచ్చో ఏది రాదో తమకే తెలిసిన పిల్లలకు ఎక్కడ సాయం అడగాలో కూడా తెలుస్తుంది.

ఏడో మెట్టు: వామనగుంటలు తీయండి

ముందు అనుకోవడం, మధ్యలో చూసుకోవడం, చివర సరిచూసుకోవడం, ఈ మూడు పనులూ ఒకే ఆటలో రావాలంటే వామనగుంటలకు మించింది లేదు. తమిళులు దీన్నే పల్లాంగుళి అంటారు, కాబట్టి పక్కింటి పిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు. రెండు వరసల్లో ఏడేసి, మొత్తం 14 గుంటలు. పీట లేకపోతే నేలమీద సుద్దముక్కతో గీయండి. గుంటకు నాలుగు చింతపిక్కలు వేయండి. ఒక గుంటలోవి తీసి, తర్వాతి గుంట నుంచి ఒక్కొక్కటే పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోగానే ఆ తర్వాతి గుంటలోవి తీసి మళ్లీ పంచాలి. ఆ గుంట ఖాళీగా ఉంటే దాని పక్క గుంటలోవి మనకు దక్కుతాయి, వంతు అయిపోతుంది. ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి ఉంటుంది, మీ అమ్మమ్మ నేర్పినట్టే ఆడండి.

నాలుగేళ్ల పిల్లలు పంచడం నేర్చుకుంటే చాలు. ఐదారేళ్లు వచ్చాక ఒకే ఒక్క మాట కలపండి: "తీయకముందు చెప్పు, చివరి పిక్క ఎక్కడ పడుతుంది?" శనివారం వచ్చే పిల్లల్లో ఒక ఆరేళ్ల బాబు నాలుగు పిక్కలున్న గుంట మీద వేలు పెట్టి "ఒకటి" అన్నాడు. అలా నాలుగు లెక్కపెట్టి ఒక గుంట చూపించాడు. పంచితే చివరి పిక్క ఇంకో గుంట అవతల పడింది. వెనక్కి చూసి, మళ్లీ వేలితో నడిచి, మళ్లీ తప్పాడు. ఎవరూ ఏమీ అనలేదు. మూడోసారి తీసిన గుంట దగ్గర వేలు పెట్టి, నోరు తెరిచి, మూసి, వేలు పక్క గుంటకు జరిపి అక్కణ్ణుంచి "ఒకటి" అన్నాడు. ఆ సాయంత్రమంతా ప్రతి గుంటకూ ముందే చెప్పి ఆడాడు. "తీసిన గుంటను లెక్కపెట్టకూడదురా" అని మొదటిసారే చెప్పేస్తే అది మా మాటగానే మిగిలిపోయేది.

ఏడెనిమిదేళ్ల వాళ్లకు పులి-మేక ఆట: మూడు పులులు, 15 మేకలు. ఎదుటివాళ్లు ఏం చేస్తారో ఆలోచించి మేకను పెట్టాలి. రెండు మూడు ఆటల తర్వాత పక్షాలు మార్పించండి. పులిగా గెలిచినవాడు మేకగా ఓడితేనే అవతలివాళ్ల ఆలోచన తెలుస్తుంది.

ఎనిమిదో మెట్టు: సాయం కొలిచి ఇవ్వండి

వదిలేయడమంటే గాలికి వదిలేయడం కాదు. డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ 1976లో ప్రచురించిన అధ్యయనంలో మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలు చెక్క ముక్కలతో పిరమిడ్ కడుతుంటే పెద్దవాళ్లు ఎలా సాయపడాలో పరిశీలించారు. పెద్ద భవనం కట్టేటప్పుడు వేసే పరంజాతో వాళ్లు ఆ సాయాన్ని పోల్చారు. ఆచరణలో దాని అర్థం ఇది: పిల్ల తప్పితే సాయం ఒక మెట్టు పెంచండి, కుదిరితే ఒక మెట్టు తగ్గించండి.

జిగ్సా పజిల్ అనుకోండి. ముందు ఊరికే ఉండండి. ఆగిపోతే "ఎక్కడ ఆగింది?" అనండి. అప్పటికీ కుదరకపోతే "అంచు తిన్నగా ఉన్న ముక్కలు ఎక్కడుంటాయి?" అని దృష్టి మళ్లించండి. ఇంకా కాకపోతే రెండు ముక్కలు మీరు కలిపి చూపించి, విడదీసి, తన చేతికే ఇవ్వండి. విడదీయడం మర్చిపోవద్దు. చివరి ముక్క మీరు పెట్టకండి, ఎప్పుడూ.

మెచ్చుకునేటప్పుడు చేసిన పని చెప్పండి. "మూత పట్టకపోతే తిప్పి చూశావ్, భలే" అంటే ఏం చేస్తే కుదిరిందో గుర్తుంటుంది. 1998లో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ ప్రచురించిన ప్రయోగాల్లో "నువ్వు తెలివైనదానివి" అనిపించుకున్న పిల్లలు తర్వాత తేలిక పనులే ఎంచుకున్నారు, కష్టమైనవి ఎదురైతే త్వరగా డీలాపడ్డారు. "కష్టపడి చేశావ్" అనిపించుకున్నవాళ్లు కష్టమైనవాటినే కోరుకున్నారు. వాళ్లు మన పిల్లలకంటే పెద్దవాళ్లు, ఐదో తరగతి వాళ్లు. అయినా చిన్నప్పుడు పడిన మాటే అప్పటికీ నిలుస్తుంది కాబట్టి ఇప్పటినుంచే జాగ్రత్తపడడం మంచిది.

బయటికి తీసుకెళ్లేటప్పుడు

ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి స్తూపం శిల్పాలున్నాయి, మన పాత గుంటూరు జిల్లా నుంచి వచ్చినవే. అన్నీ చూపించాలని లాక్కెళ్లకండి. ఒక్క పలక ముందు కూర్చుని "వీళ్లంతా ఎటు చూస్తున్నారు? అక్కడేం జరుగుతోంది? ఎలా తెలిసింది?" అని అడిగితే అరగంట గడిచిపోతుంది. కోట్టూర్‌పురంలో అన్నా శతాబ్ది గ్రంథాలయంలో పిల్లల విభాగం ఉంది, పుస్తకం వాళ్లనే ఎంచుకోనివ్వండి, ఎందుకు ఎంచుకున్నారో వినండి. గిండీ పార్కుకు వెళ్లే ముందు ఇంట్లోనే పిల్లలు ఒక ప్రశ్న అనుకుని రావాలి, జవాబు వాళ్లే చూసి కనుక్కోవాలి.

ఫోను సంగతి క్లుప్తంగా: రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని, తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన లెక్కలో ఇంకో కారణం కూడా ఉంది. వీడియో ఆగదు, జవాబు కోసం ఎదురుచూడదు.

పిల్ల పిలిస్తే పలకకపోవడం, వయసుకు తగ్గ మాటలు రాకపోవడం, ఇంతకుముందు వచ్చినవి పోవడం గమనిస్తే ఈ పద్ధతులతో సరిపెట్టుకోకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

ఒకసారి ఒక పనే అప్పగించండి. బ్యాగు సర్దడం పూర్తిగా పిల్ల చేతికి వచ్చాక హోంవర్కు మొదలుపెట్టడం, అది కుదిరాక సరిచూసుకోవడం. జ్వరం వచ్చినా, ఊరెళ్లొచ్చినా, తమ్ముడో చెల్లో పుట్టినా పిల్లలు కొన్నాళ్లు వెనక్కి వెళ్తారు. అప్పుడు పక్కన కూర్చోండి, కావాల్సినంత సాయం చేయండి. కానీ కాగితం మీది బొమ్మల జాబితా మాత్రం తీసేయకండి. ఒంట్లో కుదుటపడ్డాక ఒక సాయంత్రం "నీ కాగితం చూసుకున్నావా?" అని అడిగి, మనసులో పది లెక్కపెట్టండి.